ఏకాంబరం ఆదివారపు సైకిలు

ఏకాంబరం సైకిలు కొన్నప్పుడు వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. తిరుపతిలో సైకిలు లేనిదెవరికి? పాలవాడికి ఉంది, బడి అయ్యవారికి ఉంది, గోవిందరాజస్వామి గుడి వెనక పూలమ్మే చిన్నబ్బకూ ఉంది. పాత్రల అంగడి పెట్టుకుని నలుగురిలో పరువుగా బతుకుతున్న ఏకాంబరం ఒక సైకిలు కొంటే అది వార్త కాదు. గొడవంతా అతను దాన్ని తొక్కడం మొదలుపెట్టాక వచ్చింది. తొక్కితే తొక్కాడు, ఎక్కడికో ఒకచోటికి తొక్కి ఉంటే ఈ కథే లేదు.

అంతటికీ మూలం ఒక క్యాలెండరు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి సంవత్సరం సరుకు కోసం మద్రాసు వెళ్ళినప్పుడు టోకు వ్యాపారి కొట్లో గోడకు వేలాడుతూ కనిపించింది. ఒక దొర, ఒక దొరసాని చెరొక సైకిలు మీద పోతున్నారు. దారికి రెండు పక్కలా పచ్చటి పొదలు, అవతల గొర్రెలు. సగం ఆకాశం ఎండగా ఉంది, మిగతా సగం కారునలుపు. ఏకాంబరం ఆ కొట్టు గుమాస్తా కుప్పుస్వామిని పిలిచాడు.

"ఏమప్పా, వీళ్ళు యాడికి పోతా ఉండారు?"

"యాడికీ లేదు. ఇంగ్లాండులో ఆదివారం పూట ఇట్లే పోతారంట. పల్లెలన్నీ తిరిగేసి ఇంటికి వచ్చేస్తారంట."

"వచ్చేటప్పుడు ఏం తెస్తారు?"

"ఏమీ తేరు."

"సుట్టాల్ని సూసొస్తారా?"

"సూడరు."

"వానొచ్చేట్టు ఉండాదే?"

"వస్తే తడుస్తారు. ఎండొస్తే ఆరతారు. నీకు టంబ్లర్లు ఎన్ని కట్టమంటావో సెప్పప్పా, లారీ పోతాది."

ఏకాంబరం టంబ్లర్ల సంగతి మరిచి ఆ బొమ్మ ముందే నిలబడిపోయాడు. మీసం రాకముందు తండ్రి పక్కన అంగట్లో కూర్చున్నవాడు, తండ్రి పోయాక ఆయన చోట్లో కూర్చున్నాడు. గడప దాటితే సరుకుకో, పెళ్ళికో, చావుకో వెళ్ళాడు. ఏ పనీ లేకుండా కూడా వెళ్ళవచ్చని, అలా వెళ్ళి తడిసి ఆరి ఇంటికి వచ్చే మనుషులు భూమ్మీద ఉన్నారని అతనికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. పాపం, చెప్పినవాడికైనా తాను ఎంత పని చేశాడో తెలియదు.

ఇంటికి వచ్చి భార్య నాగరత్నమ్మకు ఆ బొమ్మ గురించి చెప్పాడు. ఆమె శ్రద్ధగానే విన్నది.

"వాళ్ళకు అంగడి లేదా?"

"ఆదివారం మూసేస్తారు. మనమూ మూస్తాం గదా."

"ఆమె గూడా తిరగడానికి పోతే ఇంట్లో సంగటి ఎవరు కెలుకుతారు?"

దొరల ఇంట్లో సంగటి ఉండదని చెప్పబోయి, అప్పుడు ఏం తింటారని అడుగుతుందని భయపడి ఊరుకున్నాడు. తరువాతి వారమే సైకిలు కొన్నాడు. ఆకుపచ్చ రంగు, వెనక గట్టి క్యారియరు, మోగితే వీధి చివరిదాకా వినపడే గంట.

మొదటి ఆదివారం అతను బయలుదేరడానికే సగం పొద్దు పట్టింది. గడప దాటి సైకిలెక్కాడో లేదో ఎదురింటి దేవకమ్మ, "ఏం నాయనా, యాడికి?" అన్నది. బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడిగితే పని చెడుతుందని ఆ వీధిలో పసిపిల్లకూ తెలుసు. తెలిసీ అడక్కుండా ఉండలేని వాళ్ళు ఆ వీధి నిండా ఉన్నారు. నాగరత్నమ్మ లోపలి నుంచి కేక పెట్టింది. ఏకాంబరం దిగి, ఇంట్లోకి వచ్చి, పీట మీద కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాడు. వీధి మలుపు దగ్గర చిన్నబ్బ, "అన్నా, యాడికి?" అన్నాడు. ఆ కేకా ఇంటిదాకా వినపడింది. మళ్ళీ పీట, మళ్ళీ నీళ్ళు. కడుపు నిండా నీళ్ళతో ఊరి బయట పడేసరికి ఏకాంబరానికి ఒక సంగతి తట్టింది. పనే లేనివాడికి చెడిపోవడానికి ఏముంది? ఆ మాట ఇంటికి వెళ్ళి చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఊరు దాటి చంద్రగిరి దారి పట్టాక ఈ చిరాకంతా ఎటు పోయిందో పోయింది. దారికి అటూ ఇటూ చింతచెట్లు, కుడివైపు దారి పొడుగునా కొండ. కార్తీకమాసం, బంగాళాఖాతంలో వారానికొక వాయుగుండమని రేడియో చెబుతున్న రోజులు. పులికాట్ వైపు నుంచి మబ్బు లేచి వెనకే తరుముకుంటూ వచ్చేది. వేరుశనగ చేలో ఈ గట్టు మీద వాన, ఆ గట్టు మీద ఎండ. ఏకాంబరం గబగబా తొక్కి వానలోంచి ఎండలోకి పడేవాడు. అక్కడ ఆగి, వాన తనను పట్టుకునేదాకా నవ్వుకుంటూ నిలబడి, మళ్ళీ తొక్కేవాడు. నలభై దాటిన మనిషి, అంగట్లో చెంబుకు చొట్ట పడితే ముఖం మాడ్చుకునే మనిషి, వానతో దాగుడుమూతలాడాడు. యూరియా సంచి మూలను లోపలికి మడిచి తలమీద కప్పుకునేవాడు. చలి పుట్టేది, మళ్ళీ ఉక్క పోసేది, చొక్కా తడిసేది, ఆరేది. చంద్రగిరి కోట దగ్గరికి చేరి, రాజమహలు వెనక నల్లబడుతున్న కొండను కాసేపు చూసి తిరుగుదారి పట్టేవాడు. అంత సుఖం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు. ఆ మాట నాగరత్నమ్మతో అనలేదు, అంతవరకూ తెలివి ఉంది.

ఇలా కొన్ని ఆదివారాలు గడిచాయి. ఒక ఆదివారం తూర్పుగాలి వెన్నుతట్టి నెట్టింది. తొక్కకుండానే సైకిలు పోతుంటే ఆపడం ఎందుకని ఏకాంబరం ఆపలేదు. చంద్రగిరి దాటింది, పాకాల దాటింది, చివరికి చిత్తూరు దారిలో పూతలపట్టు కూడలి వచ్చింది. అక్కడ కాళ్ళు చచ్చుపడ్డాయి, పైనుంచి కుండపోత మొదలైంది. టీ అంగడి చూరు కింద దూరాడు. అక్కడే ఎర్రచీర కట్టుకున్న ఎవరో ఒకామె కూడా తలదాచుకుని ఉంది. ఆమె ఎవరో ఏకాంబరానికి తెలియదు, చీర ఎరుపని కూడా అతను చూడలేదు. చూసింది చిన్నబ్బ. చిత్తూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఏకాంబరం సాయంత్రం సైకిలును బస్సు మీద కట్టించుకుని కుంటుతూ ఇల్లు చేరేలోపు, చిన్నబ్బ చిత్తూరులోనే నలుగురికి చెప్పేశాడు, మరునాడు పొద్దున పూలతో పాటు ఆ కబురునూ తిరుపతిలో ఇంటింటికీ పంచాడు.

ఇంక చెప్పాలా? ఏకాంబరానికి పూతలపట్టులో చిన్నిల్లు ఉంది. ప్రతి ఆదివారం ఆమె దగ్గరికే పోతున్నాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా వాళ్ళకు పిల్లలు లేరు కదా, మగవాడు మరి ఏం చేస్తాడు? వీధికి ఒక్కసారిగా ప్రాణం కుదుటపడింది. ఆదివారం ఆ మనిషి ఎక్కడికి పోతున్నాడో తెలియక ఇన్నాళ్ళూ వాళ్ళకు అన్నం సహించలేదు. ఇప్పుడు అడిగేవాళ్ళే లేరు. అతను సైకిలు బయటికి తీస్తే దేవకమ్మ తలుపు వేసుకుని సందులోంచి చూసేది. పీటతోనూ నీళ్ళతోనూ పని లేకుండా ఏకాంబరం హాయిగా వెళ్ళివస్తూ, వీధివాళ్ళకు ఇప్పటికి బుద్ధి వచ్చిందనుకున్నాడు.

నాగరత్నమ్మ ఏమీ అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. వంటింట్లో గిన్నెలు మాత్రం రోజురోజుకూ గట్టిగా మోగసాగాయి. వాటి చొట్టలు చూసి ఏకాంబరం మనసు కష్టపెట్టుకున్నాడే కానీ కారణం ఊహించలేదు. చివరికి ఆమె తన తమ్ముడు వరదయ్యను పిలిపించింది. వరదయ్య బస్టాండు దగ్గర కాఫీ హోటలు నడుపుతున్నాడు, ఇడ్లీల రుచి చూడటంలోనే ఒళ్ళు వచ్చిన మనిషి.

"నువ్వు పోయి నీ కండ్లతో సూసిరా. ఆమె ఎట్లుండాదో, పిల్లలున్నారేమో అన్నీ సూసుకోని రా," అన్నది.

"ఉంటే ఏం జేస్తావక్కా?"

"మనమ్మ ఇంటికి పోతా. ఇంగ ఆయన మొగం సూడను."

వరదయ్య అద్దె సైకిలు తీసుకుని ఆదివారం బావ వెనక బయలుదేరాడు. బావకు కనపడకుండా ఉండాలి, బావ కనపడుతూ ఉండాలి. ఊరు దాటేసరికే ఊపిరి అందలేదు. మొదటి వానలో తడిశాడు, తరువాతి ఎండలో పంచె ఆరకముందే రెండో వాన వచ్చింది. ముందు ఏకాంబరం ఆగితే వరదయ్య పొదల్లో దూరేవాడు. దూరిన ప్రతి పొదకూ ముళ్ళున్నాయి. చంద్రగిరి ఇంకా కొంత దూరం ఉందనగా ఏకాంబరం ఒక కల్వర్టు మీద కూర్చున్నాడు. ఆమె ఇక్కడికే వస్తుందని వరదయ్య గట్టిగా నిర్ణయించుకుని కానుగచెట్టు వెనక కాచుకున్నాడు. చాలాసేపయింది. ఏకాంబరం కొండ మీద వాన పడటం చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. వరదయ్య పంచెలోకి గండుచీమలు వచ్చాయి.

వరదయ్య కెవ్వుమని రోడ్డు మీదికి వచ్చి పడ్డాడు. ఏకాంబరం ఉలిక్కిపడి లేచాడు.

"నువ్వేంది వరదయ్యా, ఈడ?"

"అదంతా మళ్ళీ సెప్తా. ముందు ఆమె ఎప్పుడొస్తాదో సెప్పు బావా, నావల్ల గాదు," అన్నాడు పంచె దులుపుకుంటూ.

"ఎవరు?"

"పూతలపట్టామె."

విషయమంతా బయటికి వచ్చాక ఏకాంబరానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాడు. వరదయ్యకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"అంటే ఎవురూ లేరా?"

"లేరప్పా. వెంకటేశ్వరస్వామి సాక్షిగా లేరు."

"మరి ఈడ ఏం జేస్తా ఉండావు?"

"అద్దో, ఆ కొండ మింద సూడు, వాన ఎట్లా నడిసొస్తా ఉండాదో."

వరదయ్య చూశాడు. వాన, కొండ, అంతే. ఇంత దూరం తొక్కి, ముళ్ళు గుచ్చుకుని, చీమలచేత కుట్టించుకుని, ఆడమనిషి నీడ కూడా చూడకుండా తిరిగిపోవడం అతనికి చాలా అన్యాయమనిపించింది. "బావా, ఇదేం మంచి పని గాదు. ఎవురైనా ఉన్నింటే పంచాయితీ పెట్టి మాట్లాడేవాళ్ళం. దీనికి ఎవురితో మాట్లాడేది?" అని కోపంగా సైకిలెక్కాడు.

ఇంటికి వచ్చి అక్కను పడసాలలో కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఏకాంబరం పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ వింటున్నాడు. ఇప్పుడు నాగరత్నమ్మ నవ్వుతుంది, కాఫీ పెడుతుంది, అంతటితో సరి అనుకున్నాడు. ఆమె నవ్వలేదు. అంతవరకూ ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఏమక్కా, ఎవురూ లేరంటే ఏడస్తావే!"

"ఉంటే ఒక దారి వరదయ్యా. బిడ్డల కోసరం పోయినాడనుకుంటా, అది నా తలరాత అనుకుంటా. ఎవురి కోసమూ గాదు, దేనికోసమూ గాదు, ఊరికే పోతా ఉండాడంటే ఏమని అర్థం? నేను ఇంట్లో ఉండేదానికంటే ఏమీ లేనిచోటే ఆయనకు బాగుండాదని గదా!"

పెరట్లో ఏకాంబరం చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. ఆ మాటకు జవాబు కోసం వెతుక్కున్నాడు. దొరలు పోతారు అనవచ్చు, కానీ ఆ బొమ్మలో దొర పక్కన దొరసాని కూడా ఉంది. అది అతనికి అప్పుడే, ఆ చెంబు పట్టుకునే, గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ బొమ్మలో దొర సైకిలునే చూశాడు.

ఆ తరువాత కొన్ని ఆదివారాలు సైకిలు కదల్లేదు. ఏకాంబరం పడసాలలో కూర్చుని వాన శబ్దం విన్నాడు. నాగరత్నమ్మ అతన్ని చూసింది, అతను ఆమెను చూశాడు, ఇద్దరూ గోడలు చూశారు. ఇంట్లో అంత మర్యాద అంతకుముందెప్పుడూ లేదు. చివరికి అతనే గొంతు సవరించుకున్నాడు.

"రత్నమ్మా, నువ్వూ రా."

"యాడికి?"

"పోయే మనిషిని అట్లా అడగగూడదంటావే! రా, సూద్దువు."

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. పనీపాటా లేకుండా మొగుడి వెనక సైకిలెక్కి పోతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? బాగా ఆలోచించి ఒక బుట్టలో టెంకాయ, కర్పూరం, పూలు పెట్టుకుని, తలంటి పోసుకుని, పట్టుచీర కట్టుకుని బయటికి వచ్చింది. దేవకమ్మ కళ్ళు పెద్దవి చేసింది. నాగరత్నమ్మ బుట్టను అందరికీ కనపడేలా ఒళ్ళో పెట్టుకుని క్యారియరు మీద కూర్చుంది. ఆ టెంకాయకు ఆ రోజు ఏ గుడీ రాసిపెట్టి లేదు.

ఏకాంబరం ఆ ఆదివారం అసలు ఏమీ చూడలేకపోయాడు. నాగరత్నమ్మ దారి పొడుగునా మాట్లాడింది. ఫలానా చింతచెట్టు కాయలు చిత్తూరు సంతకు పోతాయని చెప్పింది. ఆ చేను వాళ్ళు తన పెదనాన్న వియ్యంకులని, వాళ్ళ పెద్దకోడలు మంచిది కాదని చెప్పింది. గతుకు వచ్చినప్పుడల్లా "అయ్యో నా నడుము" అన్నది. మిట్ట వస్తే ఇద్దరూ దిగి నడిచారు. ఎదురుగాలిలో ఆమె బరువు లాగుతూ ఏకాంబరం ఆయాసంతో ఊ కొట్టాడు. వాన వచ్చింది. యూరియా సంచి ఒక్కటే ఉంది, అది ఆమెకిచ్చాడు. పట్టుచీర మీద యూరియా సంచి కప్పుకుని, ఒళ్ళో బుట్టతో కూర్చున్న భార్యను చూసి గొల్లున నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. సైకిలు ఊగి ఇద్దరూ గట్టు పక్కన బురదలో దిగబడ్డారు.

కల్వర్టు దగ్గర ఆగారు. "ఈడేనా నువ్వు కూసునేది?" అన్నది. ఈడేనన్నాడు. పక్కన కూర్చుంది. కొండ మీద ఒక భాగం ఎండలో మెరుస్తుంటే ఇంకో భాగం వానలో మునిగిపోతోంది. వాన మెల్లగా జరుగుతూ ఎండను మింగింది, మళ్ళీ వెనక్కి పోయింది. నాగరత్నమ్మ మాటలు ఆగిపోయాయి. ఏకాంబరం ఆమె ముఖం చూడటానికి భయపడి కొండనే చూశాడు. చాలాసేపటికి ఆమె బుట్టలోంచి టెంకాయ తీసి రాతికేసి కొట్టి, ఒక చిప్ప అతని చేతిలో పెట్టింది.

"వచ్చే వారం నేను రాలేను. నడుము ఇరిగింది. నువ్వు పో," అన్నది కొబ్బరి కొరుకుతూ.

"నువ్వు..."

"నేనేమీ అనుకోను. సూసినాను గదా, ఇంగ ఏమనుకునేది ఉండాది? ఈదిలో ఎవురన్నా కూస్తే నేను సెప్తాలే వాళ్ళకు."

ఏకాంబరానికి ఇంతకంటే ఏం కావాలి? అడక్కుండానే వరం దొరికింది.

తరువాతి ఆదివారం వీధిలోకి వచ్చి నాగరత్నమ్మే సైకిలు పట్టుకుంది. దేవకమ్మ నోరు తెరవబోతే ఒక్క చూపు చూసింది, ఆ నోరు మూతపడింది. వాయుగుండాలన్నీ తీరం దాటిపోయాయి. ఆకాశం కడిగినట్టుంది, ఎండ మెత్తగా ఉంది, గాలి వెనక నుంచే ఉంది. సైకిలు మీద బరువు లేదు, ఊ కొట్టే పని లేదు. పెద్దకోడళ్ళ సంగతులు లేవు. క్యాలెండరులో దొరకు కూడా ఇంత మంచి రోజు దొరికి ఉండదు. ఏకాంబరం సంతోషంగా తొక్కాడు.

కల్వర్టుకు చాలా ముందే, ఒక చేను పక్కన, కొంగల గుంపు ఒక్కసారిగా లేచింది. తెల్లగా, కొండ మొదలు దాకా పరుచుకుంది. "అద్దో, సూడు సూడు!" అని ఏకాంబరం గట్టిగా కేకేశాడు. కేకేసి తల వెనక్కి తిప్పాడు. క్యారియరు ఖాళీగా ఉంది.

అతను సైకిలు ఆపి ఒక కాలు నేల మీద ఆనించాడు. కొంగలు వెళ్ళిపోయాయి. దారి ముందుకు బాగానే ఉంది, కోట ఇంకా అక్కడే ఉంది, ఎవరూ వద్దనలేదు. ఎందుకో ముందుకు తొక్కబుద్ధి కాలేదు. తన మీద తనకే విసుగు వచ్చింది. కాసేపు అక్కడే నిలబడి, సైకిలు తిప్పి, ఎదురుగాలిలో వంగి తొక్కుతూ ఇంటికి వచ్చాడు.

నాగరత్నమ్మ పడసాలలో చింతపండు గింజలు తీస్తోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోయింది.

"ఏమయ్యా, అప్పుడే వచ్చేసినావు?"

ఏకాంబరం సైకిలు గోడకు ఆనించాడు. ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకుంటూనే వచ్చాడు.

"వాన పట్టుకునింది," అన్నాడు.

నాగరత్నమ్మ బయట ఫెళ్ళున కాస్తున్న ఎండను చూసింది. పొడిగా ఉన్న అతని చొక్కాను చూసింది. లేచి, మేకుకు తగిలించి ఉన్న తువ్వాలు తెచ్చి, తల తుడుచుకోమని అతని చేతికి ఇచ్చింది.